తూటాలు దిగిన రేకుల ఇల్లు

2000 సంవత్సరం. కాంగో దేశం, బ్రజావిల్ నగరం.

ఊరు ఇంకా తేరుకోలేదు. 1997 జూన్‌లో మొదలైన యుద్ధం నాలుగు నెలల పాటు ఈ వీధుల్లోనే సాగింది. 1998 డిసెంబరులో మళ్లీ అంటుకుంది. కాల్పుల విరమణ కాగితాల మీద సంతకాలు పడి ఎంతో కాలం కాలేదు. కూలిన గోడలు, మొండి కప్పులు, ఎర్రమట్టి దారులు. గాలి కదలదు. చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఏటికి అవతలి ఒడ్డున ఇంకో దేశపు రాజధాని కిన్షాసా మసగ్గా కనిపిస్తోంది.

చెట్ల వెనక ఎత్తైన కాళ్ల మీద ఒక ఇల్లు నిలబడి ఉంది. ఇటుక లేదు, సిమెంటు గోడ లేదు. అంతా రేకు. ఉక్కు చట్రం, అల్యూమినియం గోడలు, చుట్టూ వరండా. చట్రానికి తుప్పు పట్టింది. రంగు పెచ్చులుగా లేచిపోయింది. పక్కనే ఇంకో చిన్న ఇల్లు. రెండింటినీ కలుపుతూ నడవడానికి ఒక వంతెన.

గోడలకు రెండు రకాల కన్నాలున్నాయి. మొదటి రకం వరసగా, ఒకే కొలతలో, గుండ్రంగా, నీలం అద్దాలు బిగించి ఉన్నాయి. అవి ఫ్రాన్సులో ఫ్యాక్టరీవాళ్లు లెక్క ప్రకారం పెట్టినవి. రెండో రకానికి వరసా లేదు, లెక్కా లేదు. అంచుల్లో రేకు చీలి బయటికి వంకర తిరిగింది. అవి తుపాకులు పెట్టినవి.

ఎండకీ వానకీ యాభై ఏళ్లు ఓర్చిన ఆ ఇంటిని మళ్లీ నట్టు నట్టుగా విప్పి, విరక్కుండా వంగకుండా, ఓడెక్కించి యూరప్‌కి చేర్చాలి. అందుకే పారిస్ నుంచి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. పేరు ఎరిక్ తూషలోమ్.

అంత దూరం ఎందుకొచ్చాడు? జవాబు ఒక కుర్చీతో మొదలవుతుంది.

*

ఆ కుర్చీని తలకిందులు చేసి చూడాలి.

ముందు కాళ్లు రెండూ మామూలు ఇనప గొట్టాలు. సన్నగా ఉంటాయి. వెనక కాళ్లు వేరు. ఉక్కు రేకుని మడిచి, అంచులు వెల్డింగు చేసి, లోపల గుల్లగా వదిలేసిన పెట్టెల్లాంటివి. సీటు దగ్గర వెడల్పు. కిందికి పోయేకొద్దీ సన్నం, పైకి పోయినా సన్నం. మనిషి కూర్చోగానే వెనక్కి వాలతాడు. బరువంతా సీటూ వీపూ కలిసే చోట, వెనక కాళ్ల మీద పడుతుంది. బలం ఎక్కడ కావాలో అక్కడే లోహం పెట్టాడు. అక్కర్లేని చోట ఒక్క తులం కూడా వాడలేదు. ఇదంతా 1934లో. చేసినవాడు జాఁ ప్రూవె.

ప్రూవె ఆర్కిటెక్టు చదువు చదవలేదు. కమ్మరి. నిజంగానే కొలిమి దగ్గర సుత్తి పట్టి పని నేర్చుకున్నవాడు. తండ్రి విక్టర్ పేరున్న చిత్రకారుడు. కొడుకు ఎర్రగా కాగిన ఇనుముని ఎంచుకున్నాడు. 1924లో ఫ్రాన్సు తూర్పున, నాన్సీ పట్నంలో సొంత పనిశాల తెరిచాడు. గేట్లు, రెయిలింగులు చేసేవాడు. తర్వాత పలచటి రేకుని మడతపెట్టే మర వచ్చింది. చేతితో వంచితే వంగిపోయే రేకు, ఒక మడత పడగానే దూలంలా బిగుస్తుంది. ఆ మడతే అతని జీవితమంతా.

ఆ మడతతోనే బడి బెంచీలు చేశాడు, హాస్టల్ మంచాలు చేశాడు, ఆఫీసు బల్లలు, ఆసుపత్రి సామాను, పుస్తకాల అలమారాలు చేశాడు, యుద్ధంలో ఇనుము దొరక్కపోతే అదే కుర్చీని చెక్కతో చేశాడు, జర్మన్లు దేశాన్ని ఆక్రమిస్తే రహస్య ప్రతిఘటనలో చేరాడు, 1944లో నాన్సీకి విముక్తి రాగానే ఆ ఊరికి మేయరయ్యాడు, బాంబులకి ఇళ్లు పోయిన లొరేన్ ప్రాంతపు జనం చలికి వణుకుతుంటే లారీలో తెచ్చి కొద్దిమంది మనుషులు నిలబెట్టేయగల చిన్న చిన్న విప్పుడు ఇళ్లు తయారుచేశాడు. డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూములు అతని లెక్కలో లేవు. అతని కుర్చీల్లో కూర్చున్నది విద్యార్థులు, గుమస్తాలు, నర్సులు.

కాలం మారింది. బళ్లు కొత్త బల్లలు కొన్నాయి. హాస్టళ్లు గదులు మార్చాయి. ప్రూవె సామాను నేలమాళిగల్లోకి, అక్కణ్నుంచి పాత ఇనుము కొట్లలోకి చేరింది. 1984లో అతను నాన్సీలో కన్నుమూసేనాటికి ఈ కుర్చీల కోసం ఎగబడేవాళ్లు లేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్ శివార్లలోని పాతసామాన్ల సంతల్లో కొందరు కుర్ర వ్యాపారులు తిరుగుతున్నారు. ఫిలిప్ జూస్, పాట్రిక్ సెగాఁ, ఫ్రాన్స్వా లఫనూర్, తూషలోమ్. దుమ్ము కొట్టుకుపోయిన కుప్పల్లోంచి వాళ్లు ఈ వెనక కాళ్లని గుర్తుపట్టారు. వాళ్ల చేతులు ముందు వెల్డింగు అతుకు మీదికి వెళతాయి. తర్వాత మడత అంచు మీదికి. తర్వాత రంగు పొరల మీదికి, ఏ పొర ఫ్యాక్టరీది, ఏ పొర బడి వాళ్లు తర్వాత పూసింది అని. నకిలీ సరుకు దొరికిపోయేది అక్కడే. పెచ్చు లేచిన పాత రంగుని గీకేసి కొత్తగా పూసిన కుర్చీకి ఈ వ్యాపారంలో సగం ప్రాణం పోయినట్టే లెక్క. ఆ పట్టింపు న్యాయమైనదే. ఆ పొరల్లోనే కదా కుర్చీ ఎక్కడ బతికిందో రాసి ఉండేది.

ఫ్రాన్సులో దొరికేవి ఒక్కొక్కటిగా అయిపోతున్నాయి. ధర పెరుగుతోంది. అప్పుడు వాళ్ల కళ్లు పాత వలస దేశాల వైపు తిరిగాయి. 1952లో బ్రజావిల్‌లో ఎయిర్ ఫ్రాన్స్ ఉద్యోగుల కోసం కట్టిన పెద్ద అపార్ట్‌మెంటుకి సామాను చేసింది ప్రూవె, డిజైనర్ షార్లొత్ పెరియాఁ. అంటే బ్రజావిల్‌లో కుర్చీలున్నాయి, బల్లలున్నాయి.

కుర్చీలు ఒక్కటేనా?

*

1949. నాన్సీ పక్కనే మాక్సేవిల్. ప్రూవె కొత్త ఫ్యాక్టరీ.

బయట లొరేన్ చలి. లోపల రేకు మడతపెట్టే మర మోత. మర నోట్లో పట్టేది సుమారు నాలుగు మీటర్ల పొడవు. కాబట్టి ఇంటి ముక్క ఏదీ అంతకు మించకూడదు. ఏ ముక్కనైనా మనుషులు చేతుల మీద మోయగలగాలి, క్రేను లేకుండా. ముక్కలన్నీ బల్లపరుపుగా ఉండి సరుకు విమానంలో పట్టాలి. ఎందుకంటే ఈ ఇల్లు వెళ్లేది సహారా ఎడారి దాటి నైజర్‌లోని నియామేకి.

జాఁ, అతని తమ్ముడు ఆఁరీ కలిసి గీసిన ఈ నమూనా పేరు ట్రాపికల్ ఇల్లు. ఎండని ఇంటి దాకా రానీయకూడదన్నది అన్నదమ్ముల పట్టు. కప్పు రెండు పొరలు. వేడెక్కిన గాలి నడినెత్తిన ఉన్న చీలికలోంచి పైకి పోతుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. వరండా బయట అల్యూమినియం పలకలు, ఎండ పొద్దుని బట్టి తిప్పుకోవచ్చు. లోపలి గోడలకి ఆ నీలం అద్దాల కన్నాలు. గదిలోకి వెలుగు వస్తుంది, మండే ఎండ రాదు. కరెంటు పంకా లేకుండానే ఊపిరాడే ఇల్లు. పరాయి దేశపు ఎండ గురించి చలిదేశంలో కూర్చుని ఇంత శ్రద్ధగా ఆలోచించిన కమ్మరి ఇంకొకడు లేడేమో.

విమానం ఎగిరింది. ఇల్లు నియామేలో నిలబడింది.

1951లో ఇంకో రెండు ఇళ్లు బ్రజావిల్‌కి చేరాయి. వాటిలో దిగింది ఫ్రాన్సు అల్యూమినియం కంపెనీల ఉమ్మడి సంస్థ అల్యూమినియం ఫ్రాన్సే. ఒకటి సమాచార కార్యాలయం, ఒకటి దాని అధికారి నివాసం. ఆఫ్రికా అంతటా ఇలాంటివి వేలకొద్దీ నిలబెడదామన్నది ఆలోచన.

ఆర్డర్లు రాలేదు. అక్కడి మేస్త్రీలు కట్టే ఇల్లే దీనికన్నా చవక. పైగా అక్కడి ఫ్రెంచి అధికారులకి తమ ఊళ్లో చూసినట్టుండే ఇల్లే కావాలి గానీ విమానంలా మెరిసే రేకుల ఇల్లు వద్దు. మూడు ఇళ్లతోనే కథ ఆగిపోయింది.

అసలు దెబ్బ మాక్సేవిల్‌లోనే తగిలింది. ఫ్యాక్టరీ పెంచడానికి డబ్బు పెట్టింది అదే అల్యూమినియం ఫ్రాన్సే. డబ్బుతో పాటు వాటా పెరిగింది. వాటాతో పాటు పెత్తనం వచ్చింది. గీసేవాడూ చేసేవాడూ ఒకే కప్పు కింద ఉండాలన్న ప్రూవె పద్ధతి కొత్త యాజమాన్యానికి నచ్చలేదు. 1953లో అతను తన ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చేశాడు. యాభై రెండేళ్ల వయసు. మరలన్నీ లోపలే ఉండిపోయాయి.

ఓడిపోలేదు. 1956లో పారిస్‌లో, నదీతీరాన, పేదల కోసం పోరాడే అబే పియేర్ అనే ఫాదరీ అడిగితే ఏడు గంటల్లో ఇల్లు నిలబెట్టి చూపించాడు. జనం విరగబడి చూశారు. ప్రభుత్వం ఆమోదం ఇవ్వలేదు. అదీ ఆగిపోయింది.

బ్రజావిల్ ఇళ్లని ఇక పట్టించుకున్నవాళ్లు లేరు. 1960లో కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. ఇళ్లు చేతులు మారాయి. వానలు పడ్డాయి. తర్వాత తుపాకులు వచ్చాయి.

*

విప్పడం మొదలైంది.

యాభై ఏళ్ల తుప్పు నట్టునీ బోల్టునీ ఏకం చేసేసింది. బలవంతంగా తిప్పితే బోల్టు తల తెగిపోతుంది. సుత్తి వేస్తే రేకు సొట్టపోతుంది. అల్యూమినియం ఉక్కుని ఆనుకున్న చోట్ల తేమ అల్యూమినియాన్ని తినేసింది. పైగా ఏ ముక్క ఎక్కడిదో గుర్తు తప్పితే మళ్లీ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. చేసినవాడు లేడు. మాక్సేవిల్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలైంది.

కానీ ప్రూవె ఇంటిని కట్టింది ఇందుకే కదా. విప్పడానికీ, మోయడానికీ, మళ్లీ బిగించడానికీ. వరండా పలకలు దిగాయి. గోడలు దిగాయి. కప్పు పొరలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. మనుషులు మోయగలిగే బరువే, నాలుగు మీటర్లకి మించని పొడవే. 1949లో కాగితం మీద వేసిన లెక్క ఐదు దశాబ్దాల తర్వాత ఎర్రమట్టిలో తప్పకుండా పనిచేసింది.

బ్రజావిల్ రెండు ఇళ్లూ, నియామే ఇల్లూ, మూడూ కంటెయినర్లకెక్కాయి. ఆఫ్రికా నేల మీద ప్రూవె ట్రాపికల్ ఇల్లంటూ ఇక ఒక్కటీ మిగల్లేదు.

ఈ వేటలో తూషలోమ్‌తో చేయి కలిపిన అమెరికన్ పేరు రాబర్ట్ రూబిన్. ఒకప్పుడు వాల్ స్ట్రీట్‌లో సరుకుల వ్యాపారం చేసినవాడు. బ్రజావిల్ చిన్న ఇల్లు అతని వాటాకి వచ్చింది. ఫ్రాన్సులో దాన్ని ముక్క ముక్కగా బాగుచేయించాడు. 2005లో యేల్ విశ్వవిద్యాలయంలో నిలబెట్టి విద్యార్థులకి చూపించాడు. తర్వాత పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌కి ఇచ్చేశాడు. ఆ సెంటర్ భవనానికి 1971లో నమూనా ఎంపిక చేసిన న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షుడు ఎవరో కాదు, జాఁ ప్రూవె.

చిన్న ఇల్లు మ్యూజియానికి చేరింది. పెద్ద ఇంటి దారి వేరు.

*

2007 మే. న్యూయార్క్. ఈస్ట్ నది ఒడ్డు, క్వీన్స్ వైపు.

క్వీన్స్‌బరో వంతెన పక్కన ఖాళీ జాగాలో రేకుల ఇల్లు మెరుస్తోంది. తుప్పు లేదు. నీలం కన్నాలు కడిగిన అద్దాల్లా ఉన్నాయి. నదికి అవతల మన్‌హటన్ మేడలు. ఇల్లు ఎక్కి చూడటానికి జనం వస్తున్నారు. వరండాలో నిలబడి పలకలు తడుముతున్నారు. క్రిస్టీస్ వేలం సంస్థ వేసిన అంచనా 40 లక్షల నుంచి 60 లక్షల డాలర్లు.

జూన్ 5. రాక్‌ఫెల్లర్ సెంటర్, వేలం హాలు.

ఇల్లు హాల్లో లేదు. అది నది అవతల ఉంది. ఇక్కడున్నది దాని పేరూ, నంబరూ. అమ్మకానికి పెట్టినవాడు తూషలోమ్. రేకుల ఇంటిని ఇంత పెట్టి కొనేవాడు ఉంటాడా? కొన్నా ఎక్కడ పెట్టుకుంటాడు? ఒక కుర్చీ అయితే గది మూలన పడుంటుంది. ఇది ఇల్లు. దీనికి స్థలం కావాలి, కాపలా కావాలి, ఎండా మంచూ పడకుండా చూసుకోవాలి.

పాట మొదలైంది. అంకె పైకి పాకింది. కొయ్య సుత్తి దెబ్బ పడింది.

కమిషన్‌తో కలిపి 49 లక్షల 68 వేల డాలర్లు. అప్పటి లెక్కలో దాదాపు 20 కోట్ల రూపాయలు. కొన్నది హోటళ్ల యజమాని ఆంద్రే బలాజ్. ఎక్కువమందికి చవకగా ఇల్లు దొరకాలని గీసిన నమూనా ఇది, అక్కడి మేస్త్రీ ఇల్లే చవకని పక్కన పెట్టేసిన నమూనా. మరుసటి ఏడాది అదే ఇల్లు లండన్‌లో టేట్ మోడర్న్ ముందు థేమ్స్ ఒడ్డున నిలబడింది.

ఆ సుత్తి దెబ్బ పడ్డ ఐదో రోజునే వెనిస్‌లో బియెనాలే కళాప్రదర్శన తలుపులు తెరిచింది. పోర్చుగల్ తరఫున వచ్చింది మొజాంబిక్‌లో పుట్టిన కళాకారిణి ఆంజెలా ఫెరేరా. ఆమె తెచ్చిన పని పేరు కూడా ఆ ఇంటి పేరే. ఒక కంటెయినర్ ఆకారం. లోపల పేర్చిన ఇంటి ముక్కల రూపాలు. గోడ మీద ఫొటోలు, నియామేలో, బ్రజావిల్‌లో ఇళ్లు లేచిపోయాక మిగిలిన పునాదులవి. మాలీకి చెందిన దర్శకుడు మాంథియా దియావరా ఆ రెండు ఊళ్లకీ వెళ్లి డాక్యుమెంటరీ తీశాడు. అక్కడివాళ్లని కెమెరా ముందు కూర్చోబెట్టాడు. ఆ ఇంటి మీద మీకు హక్కు లేదా అన్న ప్రశ్న అక్కడి గొంతుల్లో వినపడింది.

రెండు నిజాలూ పక్కపక్కనే నిలబడతాయి. తూషలోమ్ రాకపోతే తుప్పూ తూటాలూ ఆ ఇంటిని మిగిల్చేవా అన్నది అనుమానమే. అతను వచ్చాడు కాబట్టి బ్రజావిల్ పిల్లలకి ఆ ఇల్లు కనపడదు. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే కథ అబద్ధమవుతుంది.

ఇదే ప్రశ్న మన దేశంలోనూ లేచింది.

*

చండీగఢ్. 1950ల్లో పంజాబ్‌కి కొత్త రాజధాని కట్టడానికి ఆర్కిటెక్టు లె కొర్బూజియే వచ్చాడు. వెంట వరసకు సోదరుడు పియేర్ జానెరే. కొర్బూజియే వచ్చి పోతుండేవాడు. జానెరే ఉండిపోయాడు, 1965 దాకా. యుద్ధ కాలంలో ప్రూవెతో కలిసి విప్పుడు ఇళ్ల మీద పనిచేసినవాడే ఈయన. అక్కడ మడత రేకు ఉంటే ఇక్కడ టేకు. సెక్రటేరియట్‌కి, హైకోర్టుకి, యూనివర్సిటీకి కావలసిన కుర్చీలూ బల్లలూ స్థానిక వడ్రంగుల చేత చేయించారు. తలకిందులైన వి ఆకారంలో కాళ్లు, పేముతో అల్లిన సీటు. పంజాబ్ గుమస్తాలు దశాబ్దాల పాటు వాటి మీద కూర్చుని ఫైళ్లు రాశారు.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు, చక్రాల కుర్చీలు వచ్చాయి. విరిగిన టేకు కుర్చీలు మేడల మీదా వరండా మూలల్లోనూ కుప్పలుపడ్డాయి. ఆఫీసులు వాటిని పనికిరాని సామాను కింద రాసి వేలం వేశాయి.

ఆ వేలాలకి వచ్చిన పారిస్ వ్యాపారుల్లో తూషలోమ్ ఉన్నాడు.

దొంగతనం కాదు. పాట పాడారు, డబ్బు కట్టారు, సామాను తీసుకెళ్లారు. ఫ్రాన్సులో పేము మళ్లీ అల్లించారు, కొయ్యకి మెరుగు పెట్టించారు. కొన్నేళ్లకే పారిస్, న్యూయార్క్, చికాగో వేలం పుస్తకాల్లో చండీగఢ్ కుర్చీ ఫొటోలు మొదలయ్యాయి. ఆ ధరలు చూసి చండీగఢ్ ఉలిక్కిపడింది. 2011లో కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది: ఈ వారసత్వ సామాను ఇక అమ్మకూడదు, వేలం వేయకూడదు. ఆఫీసుల్లో మిగిలినవాటికి లెక్కలు రాయడం మొదలైంది.

అప్పటికే సరిహద్దు దాటినవాటి మీద ఆ ఉత్తర్వుకి పట్టు లేదు. చట్టప్రకారం కొన్నామన్నది వ్యాపారుల వాదన. విదేశీ వేలాలు ఇప్పటికీ సాగుతున్నాయి. వాటిలో ఒక కుర్చీని వెనక్కి తిప్పి చూస్తే చెక్క మీద చేత్తో దిద్దిన రంగు అక్షరాలుంటాయి, ఏ ఆఫీసుదో, ఎన్నో నంబరుదో. ఒక శాఖ కుర్చీ ఇంకో శాఖకి పోకుండా లెక్క తేలడానికి రాసుకున్న అక్షరాలవి. కొనేవాళ్లు ఇప్పుడు ముందుగా వెతికేది వాటినే. అవి చెరిగిపోకుండా ఉంటే కుర్చీ అసలుదని నమ్ముతారు, ధర పెంచి ఇస్తారు.